ఏటిమొగలంకకు పోయిన బురదకుండ

నాంచారయ్య గెడను నీళ్లలోంచి పైకి లాగి, కొసకు అంటుకున్న బురదను చూపుడువేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. సరస్సు పరిశోధనకు వచ్చి, దోనెలో ఎదురుగా కూర్చున్న డాక్టర్ నీలవేణి మొదటిరోజు ఇది చూసి మొహం తిప్పుకుంది. ఇప్పుడు పుస్తకం తెరిచి, కలం పట్టుకుని చూస్తోంది.

"ఎలా ఉంది?"

"సచ్చింది."

"ఎంత లోతు దాకా?"

"మూరెడు."

ఆమె గాజుగొట్టాన్ని అడుక్కి దింపి మట్టి తీసింది. పైనుంచి మూరెడు దాకా నల్లగా, కుళ్లిన గుడ్డు వాసన కొడుతోంది. ఆ కింద బూడిదరంగు మట్టి. ల్యాబులో మిషను రెండురోజులు తిరిగి చెప్పే సంగతిని ఈయన నాలుక అక్కడికక్కడే చెబుతోందని ఆమె పై ఆఫీసుకు రాసింది. వాళ్లు నమ్మలేదు. నాంచారయ్యను దోనె తోసే మనిషి కింద రాసుకున్నారు.

పెనుమడుగు మంచినీటి సరస్సు. నడుమ లంకలు, లంకల మీద వలలోళ్ల ఊళ్లు. అక్కడ నీళ్లు ఎవరి సొంతమూ కావు. అడుగు మాత్రం వంతులు. గుమ్మళ్లలంక పక్కన నాలుగు రాతిగుంజల మధ్య అడుగు నాంచారయ్యది, అంతకుముందు అతని తండ్రిది, తాతది. చేప ఎవరి అడుగున మేస్తే వాళ్లది. అందుకే ఆ ఊళ్లలో ఆడపిల్లయినా మగపిల్లాడైనా గెడ పట్టకముందే బురద రుచి నేర్చుకుంటారు. జివ్వుమంటే పురుగు ఉంది, చేప వస్తుంది. చేదెక్కితే చేపలు పట్టే మావు పెట్టడం దండగ.

ముప్పై ఏళ్లుగా చుట్టూ చేపల చెరువులు తవ్వారు. వాటి కడుగంతా, మిగిలిన మేతా కోళ్లపెంటా, కాలవల్లో పడి మడుగులోకి వచ్చింది. నీళ్లు ఆకుపచ్చ జావలా చిక్కబడ్డాయి. పొద్దుపొడిచేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేవి.

"ఆ కాలవలు కట్టేయొచ్చుగా," అన్నాడు నాంచారయ్య. అతను అంత పొడుగు మాట అనగా ఆమె వినడం అదే మొదలు.

"ఇప్పుడు కట్టినా లాభం లేదండీ. ముప్పై ఏళ్ల కడుగు అడుగునే కూర్చుంది. అందులో భాస్వరం ఉంది. అడుక్కి గాలి ఆడినంతకాలం మట్టి దాన్ని గుప్పిట పట్టి ఉంచుతుంది. గాలి ఆడకపోతే వదిలేస్తుంది. అది పైకొచ్చి నాచవుతుంది. నాచు చచ్చి అడుక్కొచ్చి కుళ్లుతుంది, ఉన్న గాలి కూడా తినేస్తుంది. మట్టి మళ్లీ గుప్పిట వదులుతుంది."

నాంచారయ్య వేలితో గాలిలో గుండ్రంగా గీశాడు.

"అదే. గానుగ తిరిగినట్టే. మనం ఒకచోట ఆపాలి."

ఆమె సంచిలోంచి సీసా తీసింది. అందులో వెంట్రుకలంత సన్నటి ఎర్రపురుగులు ముద్దగా పెనవేసుకుని కదులుతున్నాయి. మడుగు అడుగున ఎప్పుడూ ఉండే పురుగుల్లాగే ఉన్నాయి. కానీ వీటిని ఆమె ల్యాబులో పుట్టించింది. ఆరేళ్లు పట్టిందట. ఆ ఆరేళ్లలో ఆమె తల్లి ఆసుపత్రిలో పోతే, సీసాలు వదిలి వెళ్లలేక మూడోరోజుకు వెళ్లింది. ఆ మాట ఆమె చెప్పలేదు, ఆమె డ్రైవరు చెప్పాడు.

"ఏ ప్రాణికైనా ఒంట్లో భాస్వరం కూరలో ఉప్పులాంటిది. కర్బనం నూట ఆరు పాళ్లుంటే, నత్రజని పదహారు, భాస్వరం ఒకటి. దీనికి నాలుగు కావాలి. అలా చేశాం. ఊరికే తింటూ ఉంటుంది. తిన్నదాన్ని ఆవగింజంత రాళ్లు చేసి విసర్జిస్తుంది. అవి కరగవు."

"మేతైపోతే?"

"ఆకలికి చచ్చిపోతుంది. అలాగే చేశాం."

నాంచారయ్య వంతులో ఒక మూల వదిలి, మిగతా అడుగు చుట్టూ తడకలు కట్టారు. తడకలకు సన్నటి గుడ్డ కట్టారు. తడకల లోపలి పురుగు ఒక్కటి కూడా బయటికి పోకుండా చూసుకుంటానని అతని చేత కాగితం మీద వేలిముద్ర వేయించారు. కార్తీకంలో సీసాలు ఒంపారు.

*

ఏడాది దాటేసరికి తడకల లోపల నీళ్లు తేటపడ్డాయి. నాంచారయ్య గెడ దింపి నాలుక మీద పెట్టుకుంటే జివ్వుమంది. చిన్నప్పుడు తండ్రి వేలికొస నుంచి నాకిన రుచి. దోనెలో అలాగే కూర్చుండిపోయాడు. నత్తలు వచ్చాయి. కొరమీను వచ్చింది. నీలవేణి దోనెలోనే చప్పట్లు కొట్టింది, కొట్టినందుకు తనే సిగ్గుపడింది.

ఆ ఫాల్గుణంలో కూతురు సామ్రాజ్యానికి ఏటిమొగలంక సంబంధం కుదిరింది. మడుగులోకి ఏరు వచ్చి కలిసేచోట ఉంది ఆ లంక. చేపల చెరువుల కడుగు అందనిది అదొక్కటే. అక్కడి అడుగు మొదట్నుంచీ శుభ్రం. పెళ్లికొడుకు బలరాముడు నెమ్మదైనవాడు. తండ్రి అబ్బులు ఆ ఊరి పెద్ద.

మడుగు ఊళ్ల ఆచారం ప్రకారం పెళ్లికూతురు పుట్టింటి వంతులోంచి కుండెడు బురద తీసుకెళ్లి, అత్తింటి వంతులో తనే మునిగి అడుగున కుమ్మరించాలి. బురదలో నత్తా పురుగూ నాచువేరూ బతికుండాలి. రెండు అడుగులు కలిస్తే కోడలు కలిసినట్టు. ఆ కుండనే అత్తింటివాళ్లు తమ బురదతో నింపి వెనక్కి పంపితే, కోడలు తిరిగి పుట్టింటికి వచ్చేసినట్టు.

"ఏవయ్యో, నిన్నే," అంది భార్య వెంకాయమ్మ. "కుండలోకి బురదెక్కడిది తెత్తావు? తడకల బయట మనకి మిగిలింది ఆ మూల గుంటేగా. ముక్కు మూసుకుని ఎత్తాలి. ఆ కంపు మోసుకుని నా కూతురు ఊరేగాలా? అబ్బులు పెళ్లాం మారమ్మ సంగతి తెలుసా నీకు? ఏడు తరాలు దెప్పుద్ది."

నాంచారయ్య వల సర్దుకుంటున్నాడు.

"నోట్లో బురదుంటే మాటెట్టా వత్తదిలే," అని ఆమె లోపలికి పోయింది.

మర్నాడు అతను తడకల లోపలికి వెళ్లాడు. అది తన అడుగే. తాత గుంజలు అక్కడే ఉన్నాయి. మంచి చోటు ఎంచి బురద ఎత్తాడు. ఇచ్చిన మాట మరిచిపోలేదు. సన్న జల్లెడలో బురదను కొద్దికొద్దిగా నీళ్లు పోసి జారుస్తూ, కనిపించిన ఎర్రపురుగునల్లా వేళ్లతో ఏరి, తిరిగి తడకల లోపలే వదిలాడు. రెండు పగళ్లు పట్టింది. మూడోసారి జారిస్తే ఒక్క పురుగు రాలేదు. నత్తలు వేసి, నాచువేర్లు పెట్టి, కుండ మూతికి గుడ్డ కట్టాడు.

సామ్రాజ్యం మూతిగుడ్డ విప్పి వేలు ముంచి నాలుకకు రాసుకుంది. కళ్లు పెద్దవయ్యాయి.

"ఎంత బాగుంది నాన్నా! ఎక్కడిది?"

"మనదే," అన్నాడు.

*

మొదటి ఏడు ఏటిమొగలంకలో చేప బాగా పడింది. మారమ్మ కోడల్ని చూపించి మురిసింది. రెండో ఏడు నీళ్లు అద్దంలా తేటపడ్డాయి. రెండు నిలువుల లోతున గులకరాయి కనపడేది. పట్నం నుంచి జనం వచ్చి ఫొటోలు తీసుకున్నారు. ఆ తర్వాత నాచు పోయింది. నాచువేర్లు పోయాయి. చేపపిల్లలు పుట్టినంతే ఉండిపోయాయి.

వానలు ముదిరిన రోజుల్లో సామ్రాజ్యం పుట్టింటికి వచ్చింది. కొంగుముడి విప్పి రెండు నత్తలు గచ్చు మీద పెట్టింది.

"నొక్కి సూడు నాన్నా."

నాంచారయ్య రెండు వేళ్ల మధ్య నొక్కాడు. గుల్ల అప్పడంలా నలిగిపోయింది.

"చేపలూ అంతే. ముల్లు మెత్తగా ఒంగుద్ది. మా అత్త నన్ను దోనె ఎక్కనివ్వట్లేదు. వల తాకనివ్వదు. మగాళ్లు ఏటకెళ్లేటప్పుడు నేను గట్టు మీద కనపడకూడదంట. నేను తెచ్చిన బురదతోనే ఊరడుగు పాడయిందంట."

"నోరు పడిపోను దానికి!" అంది వెంకాయమ్మ.

"నేనూరుకున్నానా? ఊరందరి ముందూ సెప్పాను. మా నాన్న ఎంచిన బురదది. ఆయన నాలిక ఎప్పుడూ తప్పలేదు. అందులో తప్పుంటే ఆ కుండ నింపి నన్ను పంపేయండని ఒట్టేశాను."

నాంచారయ్య నలిగిన గుల్లను గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. కూతురు తనవైపే చూస్తోంది. ఒక్క మాట అంటాడేమోనని. అతను లేచి దొడ్లోకి పోయాడు.

వారం తిరక్కుండానే నీలవేణి కబురు పెట్టింది. ల్యాబంటే లంక చివర రేకుల షెడ్డు, నాలుగు గాజుతొట్లు, రెండు మిషన్లు. నీళ్లు తేటపడ్డ సంగతి విని ఏటిమొగలంక మట్టి తెప్పించి చూసిందట. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మన పురుగులు అక్కడున్నాయి నాంచారయ్యగారూ. తడకలు ఎక్కడైనా తెగాయా?"

"లేదు."

"పక్షి ముక్కున పట్టుకుపోయిందా, వరదొచ్చిందా... ఏమీ అర్థం కావట్లేదు. అక్కడ మొదట్నుంచీ భాస్వరం తక్కువ. ఉన్న చిటికెడూ ఇవి రాళ్లు చేసి పెట్టేస్తున్నాయి. ఉప్పు లేని కూడు ఎంత తిన్నా బలం ఉండదు కదా, అలా అయింది చేపకి."

"సచ్చిపోతాయన్నావుగా డాక్టరమ్మా. మేతైపోతే."

"అవును. ఈ ఎండాకాలానికి చచ్చిపోవాలి."

నాంచారయ్య ఆ మాటను పట్టుకున్నాడు. ఎండాకాలం ఎంతలో వస్తుంది. పురుగులు చచ్చిపోతే చేప వస్తుంది, చేప వస్తే మారమ్మ నోరు మూసుకుంటుంది. తను నోరు తెరవాల్సిన పనే ఉండదు. ఇప్పుడు చెబితే కూతురి ఒట్టు ఆమె మెడకే చుట్టుకుంటుంది. అలా తనకు తనే చెప్పుకున్నాడు. మాట్లాడకపోవడం అతనికి ఎప్పుడూ కష్టం కాలేదు.

ఆ తర్వాత ఏటిమొగలంక నుంచి వచ్చే మాటలు వెంకాయమ్మ నోటి ద్వారా వినేవాడు. పిల్లకి పొయ్యి వేరు పెట్టారు. బలరాముడు నాలుగు మాటలు తల్లిని అని, ఆనక ఊరుకుండిపోయి, చేపల చెరువుల్లో పనికి కైకలూరు దిక్కు వెళ్లిపోయాడు. పిల్ల నీళ్ల రేవుకి పోతే మిగతా ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని పక్కకు జరుగుతున్నారు. "నాన్నకి సెప్పు, బెంగెట్టుకోవద్దను, నేను తగ్గట్లేదు" అని కబురంపిందట.

ఎండాకాలం వచ్చింది. నీలవేణి మళ్లీ మట్టి తెప్పించింది. ఈసారి నాంచారయ్య పిలవకుండానే ల్యాబుకు వెళ్లాడు. ఆమె అద్దాలగొట్టం దగ్గర వంగి ఉంది. చాలాసేపటికి లేచింది.

"చూడండి," అంది.

కన్ను ఆనించాడు. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత కదలిక కనపడింది. దారప్పోగులో పోగంత, ఎర్రగా కూడా లేని పురుగులు.

"ఆకలికి చచ్చిపోతాయనుకున్నాను," అంది నీలవేణి. "చావలేదు. చిన్నవైపోయాయి. చిన్నది కాబట్టి చిటికెడు చాలు దానికి. ఇంకా చిన్నవవుతాయి. ఇక చావవు." స్టూలు మీద కూలబడింది. "ఆరేళ్లు దాని ఒంట్లో ఏది ఎన్ని పాళ్లుండాలో లెక్కేశాను. దానికి బతకాలని ఉంటుందని అనుకోలేదు."

నాంచారయ్య తలుపు దగ్గర నిలబడి, ఎదర గోడకేసి చూస్తూ, పెళ్లికుండ సంగతి చెప్పాడు. జల్లెడ, రెండు పగళ్లు, ఏరిన పురుగులు.

ఆమె స్టూలు మీంచి లేచి ఒక సీసా చేతిలోకి తీసుకుంది.

"గుడ్లు," అంది చివరికి. "గుడ్లు ధూళికన్నా సన్నం. ఏ జల్లెడకీ ఆగవు. ఆ సంగతి మీకు చెప్పలేదు నేను. పురుగు పోకూడదన్నాను. దోనె తోసే మనిషికి గుడ్ల సంగతి ఎందుకనుకున్నానేమో. ఏమనుకున్నానో."

"నా అడుగని ఎత్తాను."

"మీ అడుగే."

పై ఆఫీసుకు ఉత్తరం రాసింది ఆమె. తప్పు తనదేనని, మిగతా సరస్సుల్లో పురుగును వదలొద్దని. జవాబుగా ఆమెను ఇంకో ఊరికి బదిలీ చేశారు. ఆ పురుగు మీద పని మాత్రం వేరే ల్యాబులో, వేరే పేరుతో సాగుతూనే ఉంది.

*

వెళ్లేముందు ఆమె చేయగలిగింది ఒకటి చేసింది. లాంచీలో ఇరవై సంచుల భాస్వరం ఎరువు వేయించుకుని ఏటిమొగలంకకు బయల్దేరింది. నాంచారయ్య ఆ లాంచీ ఎక్కలేదు. తన దోనెలో తను వెళ్లాడు.

రేవు దగ్గర పందిట్లో ఊరంతా కూర్చుని ఉంది. అబ్బులు నులకమంచం మీద, మారమ్మ కింద. సామ్రాజ్యం పందిరి గుంజకు ఆనుకుని నిలబడింది. చిక్కిపోయింది. తండ్రిని చూసి మొహం వెలిగింది.

"వచ్చావా నాన్నా. సెప్పు ఈళ్లకి."

"రాండి బావగారూ," అన్నాడు అబ్బులు, లేవకుండా. "మీ అమ్మాయి ఏడాదిగా మిమ్మల్నే సాక్ష్యం పిలుత్తాంది. మా వలల్లోకి గాలి తప్ప ఏం రావట్లేదు. చెప్పండి మరి."

నాంచారయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అమ్మాయిది తప్పు కాదు," అన్నాడు. "తప్పు నాది. మా అడుగు పాడయిపోయింది. తడకల్లోపల డాక్టరమ్మ పురుగులేసి బాగుచేసింది. ఆ బురద ఎత్తాను. పురుగులు ఏరాను. గుడ్లుంటాయని తెల్దు. అవి ఇక్కడ పిల్లలయ్యాయి. మీ అడుగుని అవే తింటున్నాయి. పిల్లకి తెలీదు. మనదే అని సెప్పాను."

పుట్టి బుద్ధెరిగాక అన్ని మాటలు ఒక్కసారి అతను ఎప్పుడూ మాట్లాడలేదు.

పందిరంతా భగ్గుమంది. ఎవరో లేచి మీదికి రాబోతే అబ్బులు చెయ్యి అడ్డం పెట్టాడు. మారమ్మ ఇంట్లోకి పరుగెత్తి ఆ పెళ్లికుండ తెచ్చి నేల మీద ఠకీమని పెట్టింది.

"ఒట్టేసింది మీ కూతురు! నేను పెట్టిన ఒట్టా? తనేసుకున్న ఒట్టే! నింపుకుని తీసుకుపోండి."

"కాస్త ఆగండమ్మా," అంది నీలవేణి. "తిట్టాలంటే నన్ను తిట్టండి, ఆ పురుగు నేను చేసింది. కానీ ముందు ఇది వినండి. పురుగుని చంపలేం. అడుక్కి మేత పెట్టగలం. ప్రతి అమావాస్యకీ ఈ ఎరువు నీళ్లలో కలిపి అడుగు మీద పోయాలి. అది తినగా మిగిలింది చేపకి అందుతుంది. తక్కువ పోస్తే చేప ఉండదు. ఎక్కువ పోస్తే గుమ్మళ్లలంకలాగే పచ్చజావ అయిపోతుంది. ఎంత పొయ్యాలో పోసే ముందు ప్రతిసారీ మట్టి చూసి చెప్పాలి."

"ఎన్నాళ్లు?" అన్నాడు అబ్బులు.

"పురుగులు ఉన్నన్నాళ్లూ."

"అంటే?"

ఆమె లాంచీలోని సంచులకేసి చూసింది. అందరికీ అర్థమైంది.

"మీ మిషను పెట్టండి ఇక్కడ."

"నన్ను ఇక్కడ ఉండనివ్వడం లేదండీ. మిషనూ ఉండదు. నాలుకతో చెప్పగలిగిన మనిషి కావాలి. అంత తేడా పట్టగలిగిన నాలుక నేను చూసింది నాంచారయ్యగారిదే."

"ఆయన్ని ఈ రేవులో కాలెట్టనివ్వం," అన్నాడు అబ్బులు.

ఏటిమొగలంకవాళ్లది మొదట్నుంచీ మంచి అడుగు. మంచి చెడ్డ ఎంచే అవసరం పడక, వాళ్ల నాలుకలు ఎప్పుడో మొద్దుబారాయి. ఒక్కొక్కరే తలతిప్పి గుంజకు ఆనుకున్న సామ్రాజ్యాన్ని చూశారు. తండ్రి పక్కన దోనెలో కూర్చుని నేర్చిన పిల్ల.

మారమ్మ కూడా చూసింది. కుండను కాలితో పక్కకు నెట్టింది.

సామ్రాజ్యం వాళ్లెవరినీ చూడలేదు. తండ్రి దగ్గరకు వచ్చింది.

"నీకెప్పుడు తెలిసింది నాన్నా?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్నే అనొచ్చు. డాక్టరమ్మ కూడా కాదనదు.

"వానల్లో."

"నేను నత్తలు తెచ్చినప్పుడా?"

"ఆ వారమే. నత్తలప్పుడే అనుమానమొచ్చింది."

ఆమె వేళ్లు మడిచింది. భాద్రపదం, ఆశ్వయుజం, కార్తీకం... పెదవులు కదిలాయి. వైశాఖం దగ్గర ఆగింది.

"పొయ్యి వేరు పెట్టింది కార్తీకంలో," అంది. "ఆయన ఎల్లిపోయింది మాఘంలో." గొంతు పెంచలేదు. "నేను ఇక్కడ అందర్తోనూ నీ తరఫున దెబ్బలాడుతున్నాను. నువ్వక్కడ ఊరుకున్నావు."

"పురుగులు సచ్చిపోతాయన్నారమ్మా. సచ్చిపోతే ఇక..."

"నేను సచ్చిపోతే?"

లాంచీ వాళ్లు సంచులు గట్టు మీదికి దించుతున్నారు. ఆ రోజే అమావాస్య. సామ్రాజ్యం కొంగు నడుముకు దోపుకుని రేవులోకి దిగింది. గెడ తీసుకుని అడుగున పొడిచి, బురద నాలుకకు రాసుకుని, కళ్లు మూసుకుంది.

"ఈసారికి రెండు సంచులు," అంది అబ్బులుతో. "ఒకటి ఏటి మొగన, ఒకటి మన వంతులో."

గట్టెక్కి చీరకొంగు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుంది. సంచి బరువైనది, ఒక్కరు ఎత్తుకోలేరు. నాంచారయ్య తలగుడ్డ నడుముకు బిగించి, వంగి సంచి మూల పట్టుకున్నాడు.

"నువ్వొదులు," అంది సామ్రాజ్యం.

అతను వదల్లేదు. ఆమె ఆగింది. అతను వదిలేదాకా నిలబడింది. అతను వదిలాక పందిరివైపు తిరిగి పిలిచింది.

"అత్తా, ఒక చెయ్యి పట్టు."

మారమ్మ లేచి వచ్చింది. ఇద్దరాడవాళ్లూ ఊపిరి బిగబట్టి సంచిని పైకెత్తారు. మారమ్మ కోడలి తలచుట్ట జారకుండా సర్ది, "పదిలం, రాళ్లు జారతాయి," అంది. సామ్రాజ్యం నీళ్లలోకి నడిచింది.